మూత్రాశయం నుంచి మూత్రపిండానికి: ఒక రాయి నడిచిన దారి

వేసవి ముదురుతున్న కొద్దీ ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు ఒక తరహా రోగుల రాక పెరుగుతుంది. నడుముకు ఒక పక్కన, పక్కటెముకల దిగువన మొదలైన నొప్పి అలలుగా వచ్చి గజ్జల దాకా పాకుతుంది. రోగి కూర్చోలేడు, పడుకోలేడు, ఒకచోట నిలువలేడు. చెమటలు, వాంతులు, మూత్రంలో ఎరుపుదనం తోడవుతాయి. ప్రసవవేదనను, ఈ నొప్పిని రెండింటినీ ఎరిగిన స్త్రీలు కొందరు ఇదే ఎక్కువని చెబుతారు. ఇంతటి బాధకు కారణం చాలా సందర్భాల్లో పెసరగింజను మించని ఒక రాయి.

ఈ వ్యాధి మానవజాతికి కొత్తది కాదు. ఈజిప్టులోని ఎల్ అమ్రా అనే చోట సుమారు 7,000 ఏళ్ల నాటిదిగా భావించే ఒక బాలుని అస్థిపంజరం మధ్య మూత్రాశయపు రాయి లభించింది. 1901లో దానిని గుర్తించినవారు శరీర నిర్మాణ శాస్త్రవేత్త ఎలియట్ స్మిత్. లండన్‌లోని శస్త్రవైద్యుల కళాశాల మ్యూజియంలో భద్రపరచిన ఆ రాయి రెండవ ప్రపంచయుద్ధపు బాంబుదాడిలో నాశనమైంది. అయితే ఆ బాలుని రాయి, నేటి రోగి రాయి ఒకటి కావు. పాత గ్రంథాలు వర్ణించిన రాయి ప్రధానంగా మూత్రాశయంలో, అందులోనూ చిన్నపిల్లల్లో ఏర్పడేది. నేడు మనం చూస్తున్నది ప్రధానంగా పెద్దల మూత్రపిండాల్లో పుట్టేది. ఒకే పేరుతో పిలుస్తున్నా, శతాబ్దాల కాలంలో వ్యాధి తన స్థానాన్ని, తన రోగిని కూడా మార్చుకున్నది. ఈ వ్యత్యాసాన్ని గమనించకపోతే చికిత్స చరిత్ర సగమే అర్థమవుతుంది.

మన దేశానికి సంబంధించినంత వరకు ఈ చరిత్ర సుశ్రుత సంహితతో మొదలవుతుంది. అందులో ఈ వ్యాధికి అశ్మరి అని పేరు. శ్లేష్మం, పిత్తం, వాతం, శుక్రం అనే నాలుగు కారణాలను బట్టి నాలుగు రకాలుగా విభజించారు. మొదట ఔషధాలు, ఘృతాలు, క్షారాలు ప్రయోగించాలి. అవి ఫలించనప్పుడే శస్త్రం. ఆ శస్త్రక్రియ వర్ణన నేటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. రోగిని మరొకరి ఒడిలో ఆనించి, మోకాళ్లు మడిచి కట్టి, వైద్యుడు ఎడమచేతి వేళ్లతో మలద్వారం గుండా రాయిని కిందికి నొక్కి పట్టాలి. మలద్వారానికి పైభాగాన, మధ్యరేఖకు ఎడమవైపు ఒక యవగింజంత దూరం విడిచి కోయాలి. కొక్కెం వంటి పరికరంతో రాయిని బయటికి తీయాలి. రాయి పగలకుండా చూడాలని, ఒక్క రేణువు మిగిలినా అది మళ్లీ పెరుగుతుందని హెచ్చరిక కూడా ఉంది. మిగిలిపోయిన ముక్కల నుంచి రాయి తిరిగి పెరగడం ఈనాటి యూరాలజీ వైద్యులనూ వేధిస్తున్న సమస్యే.

ఆ ప్రకరణంలో మరొక మాట ఉన్నది. శస్త్రం చేయకపోతే మరణం నిశ్చయం, చేస్తే ఫలితం సందేహం, కనుక ముందుగా ప్రభువు అనుమతి తీసుకొని చేయాలని సంహిత నిర్దేశిస్తుంది. శస్త్రచికిత్సకు ముందు నేటి ఆసుపత్రులు సంతకం చేయించుకునే అంగీకార పత్రానికి దీనిని ఒక పూర్వరూపంగా చూడవచ్చు. అనుమతి ఇవ్వవలసినవాడు రోగి కాక ప్రభువు కావడం ఆ కాలపు సంగతి.

గ్రీకుల వైఖరి వేరు. హిపోక్రటీస్ పేరిట వాడుకలో ఉన్న వైద్య ప్రతిజ్ఞలో, రాయి కోసం తాను కోయననీ, ఆ పనిని దానికే అంకితమైనవారికి విడిచిపెడతాననీ వైద్యుడు ప్రమాణం చేస్తాడు. ఫలితంగా ఐరోపాలో రాయి తీసే పని శతాబ్దాల పాటు సంచార శస్త్రకారుల చేతిలో ఉండిపోయింది. వారు ఊరూరా తిరిగేవారు, సంతలో డేరా వేసేవారు, రోగి చనిపోయేలోపు మరో ఊరికి సాగిపోయేవారు. ఆ రోజుల్లో మత్తుమందు లేదు. నలుగురు బలశాలులు రోగిని కదలకుండా పట్టుకోవడమే మత్తు. అందుకే వేగమే నైపుణ్యానికి కొలమానమైంది. 18వ శతాబ్దంలో లండన్ వైద్యుడు విలియం చెసెల్డెన్ మొత్తం పనిని ఒక నిమిషం లోపే ముగించేవాడని ప్రసిద్ధి. ఆయన రోగుల్లో పదిమందికి ఒకరికంటే తక్కువగా మరణించేవారు. ఆ కాలానికి అది అసాధారణమైన విజయం.

బతికి బయటపడినవారికి అది పునర్జన్మ. ఆంగ్ల దినచర్య రచయితగా పేరొందిన శామ్యూల్ పెపీస్ 1658 మార్చి 26న ఈ శస్త్రచికిత్స చేయించుకున్నాడు. తీసిన రాయి ఆనాటి టెన్నిస్ బంతి అంత ఉన్నదట. దానికోసం ప్రత్యేకంగా ఒక పెట్టె చేయించి అందులో దాచుకున్నాడు. ఏటా అదే తేదీన విందు చేసుకోవాలని సంకల్పించాడు.

ఇక్కడ లక్నో నగరపు ప్రస్తావన అవసరం. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసి, అవధ్ నవాబు కొలువులో అపార సంపద గడించిన ఫ్రెంచి జాతీయుడు క్లాడ్ మార్టిన్‌ను లా మార్టినియర్ పాఠశాలల స్థాపనకు మూలపురుషుడిగా ఎక్కువమంది ఎరుగుదురు. 1782 ప్రాంతంలో ఆయన మూత్రాశయపు రాయితో బాధపడ్డాడు. కత్తికి సిద్ధపడలేదు. సన్నని ఉక్కు ఊచ కొనను ఆకురాయిలా గరుకుగా చేయించి, దానిని తన మూత్రమార్గం గుండా లోపలికి పంపి, రాయిని తానే అరగదీయడం మొదలుపెట్టాడు. రోజుకు పలుమార్లు, నెలల తరబడి ఈ పని సాగింది. పొడి మూత్రంతో పాటు బయటికి వచ్చేది. చివరికి బాధ తగ్గింది. తన ప్రయోగాన్ని ఇంగ్లండులోని వైద్యులకు లేఖల ద్వారా వివరించాడు కూడా. దీనిని ఎవరూ అనుకరించకూడదని వేరే చెప్పనక్కరలేదు. అయినా రాయిని కోసి తీయడం కాక, ఉన్నచోటనే నలిపి సహజమార్గంలో బయటికి పంపాలన్న ఆలోచన పారిస్ కంటే ముందు లక్నోలో ఆచరణకు వచ్చిందన్నది వాస్తవం.

పారిస్‌లో ఆ ఆలోచనను వైద్యవిధానంగా తీర్చిదిద్దినవాడు జాన్ సివియాల్. 1824లో ఆయన మూత్రమార్గం గుండా పరికరాన్ని పంపి, మూత్రాశయంలోని రాయిని పట్టుకొని తొలిచి పగలగొట్టాడు. అంతటితో ఆగక, పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ ఎందరు మరణించారో లెక్కలు సేకరించాడు. కోత పద్ధతిలో సుమారు ఐదుగురికి ఒకరు మరణిస్తుండగా, తన పద్ధతిలో మరణాలు నూటికి రెండు మూడుకు మించలేదని చూపాడు. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ 1835లో ఈ లెక్కలపై చర్చించింది. రోగి ఒక వ్యక్తి, అతనిని సంఖ్యగా చూడవచ్చునా అన్న ప్రశ్న అక్కడ తలెత్తింది. చికిత్స మంచిదో కాదో లెక్కలే తేల్చాలన్న నేటి వైద్యధర్మానికి తొలి పునాదుల్లో ఒకటి ఈ రాళ్ల లెక్కలు కావడం విశేషం. రసాయనశాస్త్రానికీ ఈ రాళ్లే ముడిసరుకు అయ్యాయి. స్వీడన్ శాస్త్రవేత్త షీలే 1776లో యూరిక్ ఆమ్లాన్ని కనుగొన్నది మూత్రాశయపు రాళ్లలోనే. 1810లో వొలాస్టన్ సిస్టీన్‌ను గుర్తించినదీ అక్కడే.

1846లో మత్తుమందు వచ్చింది. 1878లో బోస్టన్ వైద్యుడు హెన్రీ బిగెలో రాయిని ఒకే విడతలో నలిపి, ముక్కలన్నిటినీ నీటితో కడిగి పీల్చివేసే పద్ధతిని ప్రవేశపెట్టాడు. దానికి అతిపెద్ద ప్రయోగశాల అయింది భారతదేశమే. ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన పీటర్ ఫ్రేయర్ వాయవ్య పరగణాల్లో వందలాది రోగులకు ఈ పద్ధతిలో చికిత్స చేశాడు. ఇండోర్‌లో డెనిస్ కీగన్ చిన్నపిల్లలకు కూడా ఇది సురక్షితమని నిరూపించాడు. ఇంతమంది రోగులు ఇక్కడే ఎందుకు ఉన్నారన్న ప్రశ్న మాత్రం చాలాకాలం వరకు ఎవరూ గట్టిగా అడగలేదు.

ఆ ప్రశ్న అడిగినవాడు రాబర్ట్ మెక్‌కారిసన్. నీలగిరుల్లోని కూనూరులో పోషకాహార పరిశోధనలు నిర్వహించిన ఈ వైద్యుడు ఎలుకలకు వివిధ ప్రాంతాల ఆహారాలను పెట్టి చూశాడు. పాలు లోపించి, ప్రధానంగా తృణధాన్యంతోనే కూడిన ఆహారం తిన్న ఎలుకల్లో మూత్రాశయపు రాళ్లు ఏర్పడ్డాయి. అదే ఆహారానికి పాలు చేర్చినప్పుడు అవి తగ్గాయి. 1927లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. తరువాతి దశాబ్దాల్లో ఈశాన్య థాయ్‌లాండ్‌లో జరిగిన అధ్యయనాలు ఇదే దిశను చూపాయి. పుట్టిన కొద్దిరోజులకే శిశువుకు తల్లిపాలకు తోడుగా నమిలిన అన్నం పెట్టే పల్లెల్లో ఈ వ్యాధి ఎక్కువగా కనిపించింది. శిశువుకు ఫాస్ఫేట్ చాలకపోవడం ఒక ముఖ్య కారణంగా తేలింది. అంటే శస్త్రకారులు శతాబ్దాల పాటు పిల్లల ఒంట్లోంచి తీసిన రాయి నిజానికి పేదరికపు రాయి. ఆహారం మెరుగుపడిన ప్రతి దేశంలోనూ అది కత్తి అవసరం లేకుండానే తగ్గిపోయింది. కూనూరులోని ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకున్నది. తార్నాక మీదుగా రోజూ వెళ్లేవారిలో ఎందరికి ఈ సంగతి తెలుసో చెప్పలేము.

పిల్లల రాయి తగ్గుతుండగా పెద్దల రాయి పెరిగింది. ఉప్పు, మాంసకృత్తులు, చక్కెర ఎక్కువైన ఆహారం, స్థూలకాయం, మధుమేహం, తగినంత నీరు తాగకపోవడం, వేడి వాతావరణం దీనికి దోహదం చేస్తాయి. దేశంలో గుజరాత్, రాజస్థాన్, మహారాష్ట్ర, పంజాబ్, హర్యానా ప్రాంతాలను వైద్యులు రాళ్ల మండలంగా వ్యవహరిస్తారు. తెలుగు రాష్ట్రాల ఎండలూ తక్కువ కావు. భవన నిర్మాణ కూలీలు, ఇటుకబట్టీ పనివారు, బస్సు డ్రైవర్లు, గల్ఫ్ దేశాల్లో ఆరుబయట పనిచేస్తున్న మన కార్మికులు గంటల తరబడి చెమటోడుస్తారు. కోల్పోయిన నీటికి తగినంత తాగరు. స్త్రీల విషయంలో మరొక బాధ ఉంది. మరుగుదొడ్డి లేని చోట పనిచేసే స్త్రీ, సరైన మరుగుదొడ్డి లేని బడికి వెళ్లే బాలిక కావాలనే నీళ్లు తాగడం మానుకుంటారు. దీనిని అలవాటు అనడం సరికాదు. అది నిర్బంధం.

రాయి ఎలా ఏర్పడుతుందో వంటింటి ఉదాహరణతో చెప్పుకోవచ్చు. చక్కెర పాకం ముదిరినప్పుడు అందులో దారం వేలాడదీస్తే దానిచుట్టూ పటికబెల్లం పలుకులు పేరుకుంటాయి. మూత్రపిండాలు రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడపోసి, అందులో దాదాపు అంతటినీ తిరిగి రక్తంలోకి పంపి, లీటరున్నర వరకు మాత్రమే మూత్రంగా విడుస్తాయి. ఆ కొద్ది నీటిలో కాల్షియం, ఆక్సలేట్, యూరిక్ ఆమ్లం వంటివి కరిగి ఉండాలి. నీరు తగ్గితే పాకం ముదురుతుంది. మూత్రపిండం లోపలి మొనలపై ఉండే సూక్ష్మమైన కాల్షియం మచ్చలు దారం పని చేస్తాయి. ఈ మచ్చలను 1937లో అలెగ్జాండర్ రాండాల్ గుర్తించాడు. నూటికి 70 నుంచి 80 వరకు రాళ్లు కాల్షియం సంబంధమైనవే. వాటిలో కాల్షియం ఆక్సలేట్‌దే పెద్ద వాటా. మిగిలినవి యూరిక్ ఆమ్లపు రాళ్లు, క్రిముల వల్ల ఏర్పడేవి, అరుదుగా వంశపారంపర్యమైన సిస్టీన్ రాళ్లు.

కాల్షియం పేరు వినగానే చాలామంది పాలు, పెరుగు మానేస్తారు. ఒకప్పుడు వైద్యులూ అదే చెప్పేవారు. 1993లో అమెరికాలో 45,000 మందికి పైగా పురుషులపై వెలువడిన అధ్యయనం దీనికి పూర్తి విరుద్ధమైన ఫలితం చూపింది. ఆహారం ద్వారా కాల్షియం ఎక్కువగా తీసుకున్నవారిలోనే రాళ్లు తక్కువ. కారణం సులభమే. భోజనంలోని కాల్షియం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకొని మలంతో బయటికి పంపుతుంది. పెరుగు మానేస్తే ఆ ఆక్సలేట్ రక్తంలోకి చేరి మూత్రపిండానికి వెళ్తుంది. గోంగూర, పాలకూర, చుక్కకూరల్లో ఆక్సలేట్ ఎక్కువ. రాళ్లు ఏర్పడే స్వభావం ఉన్నవారు వాటిని తగ్గించుకోవాలన్నది నిజమే. గోంగూర పచ్చడిలోని ఆక్సలేట్ గురించి భయపడేవారు అందులోని ఉప్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఉప్పు ఎక్కువైతే మూత్రంలోకి కాల్షియం ఎక్కువగా వెళ్తుంది. కాల్షియం మాత్రల సంగతి వేరు. వాటిని వైద్యుని సలహాపైనే వాడాలి.

నీటి విషయంలో సాక్ష్యం మరింత స్పష్టం. ఇటలీలోని పార్మాలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని రెండు వర్గాలుగా విభజించి ఐదేళ్లు గమనించారు. రోజుకు రెండు లీటర్లకు తగ్గకుండా మూత్రం వచ్చేలా నీరు తాగినవారిలో 12 శాతం మందికి మాత్రమే రాయి తిరిగి వచ్చింది. మామూలుగా ఉన్నవారిలో అది 27 శాతం. 1996లో వెలువడిన ఈ ఫలితమే నేటి సలహాకు ఆధారం. ఎన్ని గ్లాసులు తాగామన్నది కాక, ఎంత మూత్రం వచ్చిందన్నదే కొలత. మండుటెండలో పనిచేసేవారికి మూడు లీటర్లు కూడా చాలకపోవచ్చు. గుండె బలహీనత, మూత్రపిండాల వైఫల్యం ఉన్నవారికి మాత్రం ఈ సలహా వర్తించదు.

ఆరోగ్య కార్యక్రమాల్లో శ్రోతలు తరచుగా అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఉలవచారు తాగితే రాయి కరుగుతుందా, అరటి దూట రసం పనిచేస్తుందా, కొండపిండి ఆకు మాటేమిటి అని. కొండపిండి అన్న పేరులోనే కొండను పిండి చేస్తుందన్న నమ్మకం దాగి ఉంది. సంస్కృతంలో పాషాణభేదం అన్నదీ అదే అర్థం. అయితే ఆ ఒక్క పేరుతో వేర్వేరు ప్రాంతాల్లో వేర్వేరు మొక్కలను వాడుతున్నారు. ఏర్పడిన కాల్షియం రాయిని ఇవి కరిగిస్తాయనడానికి గట్టి రుజువు లేదు. చిన్న రాళ్లు చాలావరకు వాటంతట అవే పడిపోతాయి. ఆ సమయంలో ఏది తాగుతూ ఉంటే దానికి పేరు వస్తుంది. బీరు విషయంలో సాగుతున్న ప్రచారమూ ఇలాంటిదే, పైగా హానికరం. మందులతో నిజంగా కరిగించదగినది యూరిక్ ఆమ్లపు రాయి. మూత్రంలో ఆమ్లత తగ్గించే పొటాషియం సిట్రేట్ వంటి మందులకు అది లొంగుతుంది. అందుకే బయటపడిన రాయిని పారేయకుండా పరీక్షకు పంపాలని వైద్యులు కోరతారు.

ఐదు మిల్లీమీటర్ల లోపు రాళ్లలో ఎక్కువ భాగం నొప్పినివారణ మందులతో, నీటితో, కొంత ఓపికతో వెలుపలికి వస్తాయి. పది మిల్లీమీటర్లు దాటినవి అరుదుగా వస్తాయి. ఒక తరం కిందటి వరకు అలాంటివారికి నడుము పక్కన జానెడు కోత తప్పేది కాదు. ఆ పరిస్థితిని మార్చినవి కొద్ది సంవత్సరాల వ్యవధిలో వచ్చిన మూడు మార్గాలు. 1976లో స్వీడన్ వైద్యులు ఫెర్న్‌స్ట్రోమ్, యోహాన్సన్ వీపు నుంచి మూత్రపిండంలోకి సన్నని రంధ్రం చేసి, దాని గుండా రాయిని తీశారు. పెద్ద రాళ్లకు నేటికీ ఇదే ముఖ్యమార్గం. గుజరాత్‌లోని నడియాద్‌లో 1978లో ఏర్పడిన మూల్జీభాయ్ పటేల్ యూరాలజికల్ ఆసుపత్రి ఈ రంధ్రాన్ని మరింత సన్నం చేసే కృషిలో ప్రపంచ గుర్తింపు పొందింది.

రెండవది జర్మనీ నుంచి వచ్చింది. విమానాలు తయారుచేసే డోర్నియర్ సంస్థ, ధ్వనిని మించిన వేగంతో వెళ్లే విమానంపై వానచినుకులు తగిలితే లోహానికి కలిగే నష్టాన్ని పరిశీలిస్తున్నది. ఆ తాకిడి తరంగాలు ఘనపదార్థాన్ని పగలగొట్టగలవన్న అవగాహన వైద్యుల దాకా చేరింది. 1980 ఫిబ్రవరి 7న మ్యూనిక్‌లో క్రిస్టియన్ చౌసీ బృందం రోగిని నీటితొట్టెలో ఉంచి, బయటి నుంచి తరంగాలను రాయిపై కేంద్రీకరించి తొలిసారిగా పగలగొట్టింది. శరీరంపై ఒక్క గాటు లేదు. మూడవది సన్నని దూరదర్శినిని మూత్రమార్గం నుంచి మూత్రనాళంలోకి, అక్కడి నుంచి మూత్రపిండం లోపలికి పంపి, లేజర్‌తో రాయిని పొడిచేయడం. మార్గం క్లాడ్ మార్టిన్ ఎంచుకున్నదే. ఆకురాయి స్థానంలో కాంతి వచ్చింది.

ఇంత జరిగినా మూత్రపిండాలు పోగొట్టుకుంటున్నవారు ఉన్నారు. నొప్పి తగ్గితే రాయి పోయిందనుకోవడం అందుకు మొదటి కారణం. మూత్రనాళంలో కదలకుండా ఇరుక్కున్న రాయి కొంతకాలానికి నొప్పి ఇవ్వడం మానేస్తుంది. పైన మూత్రం నిలిచి మూత్రపిండం ఉబ్బి, నెలల్లో నిశ్శబ్దంగా క్షీణిస్తుంది. నొప్పి లేకపోయినా స్కానింగ్‌లో రాయి వెళ్లిపోయిందని నిర్ధారించుకోవాలి. దుకాణంలో కొన్న నొప్పి మాత్రలను వారాల తరబడి వాడటం ఆ మూత్రపిండంపైనే మరో దెబ్బ. ఉద్దానంలో వేలాది కుటుంబాలను కుంగదీసిన దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వేరు, రాళ్ల వ్యాధి వేరు. రెండింటినీ కలిపి చూసి భయపడటమూ, ఇది రాయే కదా అని ఆ వ్యాధి లక్షణాలను ఉపేక్షించడమూ రెండూ ప్రమాదమే.

రాయి నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, ఒకే మూత్రపిండం ఉన్నవారికి, గర్భిణులకు నొప్పి వచ్చినా తెల్లవారేదాకా ఆగకూడదు. అడ్డుపడిన మూత్రంలో క్రిములు చేరితే అవి గంటల్లో రక్తంలోకి వ్యాపించి ప్రాణం తీయగలవు. అప్పుడు ముందుగా చేయవలసింది రాయి తీయడం కాదు. నిలిచిన మూత్రాన్ని బయటికి పంపే గొట్టం అమర్చడం. ఆరోగ్యశ్రీ, ఆయుష్మాన్ భారత్ వంటి పథకాల పరిధిలోకి రాళ్ల శస్త్రచికిత్సలు కూడా వస్తాయి. అర్హత ఉన్నవారు ఆసుపత్రిలోని సహాయ కేంద్రంలో విచారించవచ్చు.

చికిత్స తరువాత మూత్రనాళంలో స్టెంట్ అనే మెత్తని గొట్టాన్ని తాత్కాలికంగా ఉంచుతారు. అది సాధారణంగా కొన్ని వారాల్లో తీయవలసినది. నొప్పి పోయిందని ఊరికి వెళ్లి, పనుల్లో పడి, దాని సంగతే మరచిపోయి ఏళ్ల తరువాత వచ్చే రోగులు ప్రతి పెద్ద ఆసుపత్రిలోనూ కనిపిస్తారు. అప్పటికి ఆ గొట్టం చుట్టూ రాయి గట్టిపడి, మొదటి శస్త్రచికిత్స కంటే కష్టమైన శస్త్రచికిత్స అవసరమవుతుంది. లోపల స్టెంట్ ఉన్నదా, ఎన్నడు తీయించుకోవాలి అన్నది డిశ్చార్జి పత్రంలో రాసి ఉంటుంది. చదువురాని రోగి అయితే ఇంట్లో మరొకరు ఆ తేదీని అడిగి తెలుసుకొని, గోడమీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి.